గాజుతొట్టిలో చెరువు

చెరువుగట్టున నిలబడి నీళ్లలోకి చూసేవారికి పైన తేలే తామరాకులు, కలువపూలు కనిపిస్తాయి. అడుగున ఏం జరుగుతున్నదో కనిపించదు. అక్కడ నాచుమొక్కలు పగలంతా ప్రాణవాయువును విడుస్తుంటాయి. చేపలు దాన్ని పీల్చుకుంటాయి. చేపలు విడిచిన మలినం మొక్కలకు ఎరువవుతుంది. కుళ్లిన ఆకును నత్త తింటుంది. ఎవరి పని వారు చేసుకుపోతుంటారు కాబట్టే నీరు చెడిపోకుండా ఉంటుంది. ఈ ఏర్పాటును కళ్లెదుట నిలిపి చూపేది సజీవమైన మొక్కలున్న గాజుతొట్టి. దాన్నే అక్వేరియం అంటారు.

ఈ తొట్టి వెనుక ఒక చక్కని చరిత్ర ఉంది. ఆకుపచ్చని మొక్కలు వెలుతురులోనే ప్రాణవాయువును విడుస్తాయని 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ అనే వైద్యుడు నిరూపించాడు. నీళ్లలో ముంచిన ఆకుల మీద లేచే చిన్న చిన్న బుడగలు ఆయనకు దారి చూపాయి. ఆ తరువాత డెబ్బై ఏళ్లకు లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక గాజుపాత్రలో ఇసుక, మట్టి వేసి వాలిస్నేరియా మొక్క నాటాడు. అందులో రెండు చిన్న బంగారు చేపలను వదిలాడు. కొన్నాళ్లు అంతా బాగానే ఉంది. క్రమంగా పాత ఆకులు కుళ్లసాగాయి. నీరు మురికి పట్టింది. అప్పుడాయన చెరువు నత్తలను తెచ్చి పాత్రలో వేశాడు. అవి కుళ్లిన ఆకులను తిని నీటిని బాగుచేశాయి. వాటి గుడ్లు చేపలకు ఆహారమయ్యాయి. ఈ సంగతిని ఆయన 1850లో లోకానికి తెలియజేశాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూడడానికి గాజుతొట్ల మందిరం తెరిచారు.

వారింగ్టన్ దగ్గర విద్యుద్దీపం లేదు. గాలి ఊదే పంపు లేదు. ఉన్నదల్లా మొక్క, చేప, నత్త, కిటికీలోంచి వచ్చే వెలుతురు. నేడు దుకాణాల్లో కార్బన్ డై ఆక్సైడ్ నింపిన సిలిండర్లు, కళ్లు మిరుమిట్లు గొలిపే దీపాలు, సీసాల్లో ద్రవపు ఎరువులు దొరుకుతున్నాయి. వాటితో పెంచిన తొట్లు పూలతోటల్లా ఉంటాయి. అవి లేకుండా కూడా తొట్టి పచ్చగా ఉంటుంది. అయితే అలాంటి తొట్టికి ఏ మొక్కను ఎన్నుకోవాలన్నది ఆలోచించి చేయవలసిన పని. కంటికి నచ్చిన మొక్క వేరు, తొట్టికి నప్పే మొక్క వేరు.

మొక్క పెరగడానికి వెలుతురు, కార్బన్ డై ఆక్సైడ్, పోషక పదార్థాలు మూడూ కావాలి. సాదా తొట్టిలో కార్బన్ డై ఆక్సైడ్ తక్కువ. చేపలు, సూక్ష్మజీవులు విడిచేదే ఆధారం. అలాంటప్పుడు వెలుతురును ఒక్కదాన్నే పెంచితే లాభం లేదు. జోడెద్దుల్లో ఒకటి పరుగెత్తి, రెండోది నడిస్తే బండి దారి తప్పుతుంది. మొక్క వాడుకోలేని వెలుతురును పాచి వాడుకుంటుంది. నాలుగు రోజుల్లో అద్దాలు, ఆకులు పాచిపట్టి జారుతుంటాయి. అందుచేత తక్కువ వెలుతురుతో తృప్తిపడి, నెమ్మదిగా పెరిగే మొక్కలే సాదా తొట్టికి తగినవి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల దీపం వాటికి చాలు. నేరుగా ఎండపడే కిటికీ దగ్గర తొట్టిని పెట్టకపోవడమే మంచిది.

మొక్కకంటె ముందు నీటిని తెలుసుకోవాలి. సబ్బు రుద్దితే నురగ సరిగా రాక, కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కడితే అది కఠినజలం. దక్కను పీఠభూమిలో చాలా ఊళ్ల బోరునీళ్లు ఇటువంటివే. ఈ నీళ్లలో వాలిస్నేరియా, హైడ్రిల్లా హాయిగా పెరుగుతాయి. నీటిలో కరిగివున్న బైకార్బనేట్ల నుంచి కూడా అవి తమకు కావలసిన కార్బన్‌ను తీసుకోగలవు. కుళాయి నీళ్లలో క్లోరిన్ కలిసి ఉంటే ఒక బకెట్‌లో పట్టి, మూత పెట్టకుండా ఒక రోజు ఉంచితే అది చాలావరకు గాలిలో కలిసిపోతుంది. ఊరి నీటికి తగిన మొక్కను ఎన్నుకొన్నవారికి సగం శ్రమ తప్పుతుంది.

సాదా తొట్టికి తగిన మొక్కల్లో మొదట చెప్పవలసింది వాలిస్నేరియా. సన్నని రిబ్బన్లలాంటి పొడవైన ఆకులతో ఇది తొట్టి వెనుకభాగాన తెరకట్టినట్లు నిలుస్తుంది. భారతదేశపు చెరువుల్లోను, కాలువల్లోను సహజంగా పెరుగుతుంది. ఇసుకలో తీగ సాగి, కొంతదూరానికొక పిలక వేస్తుంది. దీని పూల తీరు చిత్రమైనది. ఆడపువ్వు స్ప్రింగులాంటి సన్నని తొడిమతో నీటిపైకి వస్తుంది. మగపూలు తెగి నీటిమీద తేలుతూ వచ్చి దాన్ని చేరుకుంటాయి. పుస్తకంలో చదివిన జలపరాగ సంపర్కం విద్యార్థికి ఇంట్లోనే కనిపించే అవకాశం ఈ మొక్కతో ఉంది.

రెండోది క్రిప్టోకొరైన్. దీనిలో పలు రకాలున్నాయి. కొన్ని పడమటి కనుమల వాగుల్లో పుడతాయి. దుకాణాల్లో ఎక్కువగా దొరికే రకం శ్రీలంకది. నీడలోనూ బతుకుతుంది. చోటు మారితే మాత్రం దీనికి కష్టం. కొత్త తొట్టిలో నాటిన కొద్ది రోజులకే ఆకులన్నీ మెత్తబడి కరిగిపోవచ్చు. చచ్చిందనుకొని చాలామంది పీకి పారేస్తారు. వేరు గట్టిగా ఉన్నంతవరకు మొక్క పోయినట్లు కాదు. కదిలించకుండా కొన్ని వారాలు ఓపికపడితే అదే వేరు నుంచి కొత్త ఆకులు వస్తాయి. అవి కొత్త నీటికి అలవాటుపడిన ఆకులు. ఒకసారి కుదురుకున్నాక ఇది ఏళ్ల తరబడి ఉంటుంది. అందుచేత నాటేముందే చోటును బాగా ఆలోచించుకోవాలి.

మూడోది జావా ఫెర్న్, నాలుగోది అనూబియాస్. మొదటిది ఆగ్నేయాసియా వాగుల్లో బండలను పట్టుకొని పెరిగేది. రెండోది ఆఫ్రికా ఏటిగట్లది. రెండింటికీ అల్లం కొమ్ములాంటి కాండం ఉంటుంది. ఆ కొమ్మును ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది. దారంతో రాతికో, కొయ్యముక్కకో కట్టి వదిలితే వేళ్లు వాటంతట అవే పట్టుకుంటాయి. జావా ఫెర్న్ ఆకు అంచున పిల్లమొక్కలు పుట్టడం చూడముచ్చటగా ఉంటుంది. అనూబియాస్ ఆకులు తోలులా దళసరిగా ఉంటాయి. మెత్తని మొక్కలను కొరికి తినే బంగారు చేపలు కూడా వీటి జోలికి అంతగా పోవు.

వీటన్నిటికీ తోడు వేగంగా పెరిగే మొక్క ఒకటైనా కొత్త తొట్టిలో ఉండాలి. హైడ్రిల్లా ఈ పనికి బాగా సరిపోతుంది. చేపల మలినం నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా హానికరమే. ఆ బ్యాక్టీరియా వృద్ధి చెందడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా వేగంగా పెరిగే మొక్కలు అమ్మోనియాను కొంత పీల్చుకొని చేపల ప్రాణం కాపాడతాయి. మొక్కలు నాటిన రోజే చేపలను కుమ్మరించక, కొన్ని వారాలు ఆగి ఒకటీ రెండూ వదలాలనడం ఇందుకే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 55 లీటర్ల నీరు పడుతుంది. నాలుగైదు చిన్న గప్పీ చేపలకు అది విశాలమైన ఇల్లు.

మొక్కలున్నాయి గదా అని చేపలను కిక్కిరిసేలా నింపడం తగదు. చీకటి పడ్డాక కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది. రాత్రంతా చేపలతోపాటు మొక్కలు కూడా ప్రాణవాయువునే పీలుస్తాయి. వేసవిలో నీరు వేడెక్కితే దానిలో కరిగివుండే ప్రాణవాయువు మరింత తగ్గుతుంది. తెల్లవారేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే, తొట్టి తన శక్తికి మించిన బరువు మోస్తున్నదని గ్రహించాలి.

కొనేచోట కూడా జాగ్రత్త అవసరం. చెన్నైలోని కొళత్తూరు అలంకార చేపల వ్యాపారానికి పేరుపడ్డ చోటు. ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా ఇలాంటి దుకాణాలు వెలిశాయి. కుండీల్లో పెరగవలసిన మెట్టమొక్కలను నీటిమొక్కలని అమ్మడం కొన్నిచోట్ల ఉంది. లక్కీ బాంబూ అనే మొక్కను నిలువునా ముంచితే కొంతకాలం పచ్చగా కనిపించి, తరువాత కుళ్లి నీటిని పాడుచేస్తుంది. నీటిలోనే పెరిగే మొక్కల్లో చాలావాటిని పైకి తీస్తే తడిబట్టలా వాలిపోతాయి. మెట్టమొక్క నిటారుగా నిలుస్తుంది. అనూబియాస్‌లాంటి గట్టి మొక్కలు మాత్రం దీనికి మినహాయింపు.

ఇంతవరకు చెప్పినది తొట్టికి మేలుచేసే ఎన్నిక. ఊరికి మేలుచేసే ఎన్నిక మరొకటుంది. అది ఇంకా ముఖ్యం. లేత ఊదారంగు పూలు చూసి ముచ్చటపడి 19వ శతాబ్దం చివర దక్షిణ అమెరికా నుంచి భారతదేశానికి తెచ్చిన అలంకారపు మొక్క ఒకటుంది. అదే గుర్రపుడెక్క. నేడది గోదావరి డెల్టా కాలువల్లో, బెంగుళూరు చెరువుల్లో, పుణె నదుల్లో చాపలా పరుచుకుంటున్నది. దాని కింద వెలుతురు చొరదు. నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలు చస్తాయి, పడవ కదలదు. సాల్వీనియా కథ కూడా ఇలాంటిదే. కేరళలో దాన్ని ఆఫ్రికా పాచి అంటారు గాని దాని పుట్టిల్లు బ్రెజిల్. 1980లలో బెంగుళూరు శాస్త్రజ్ఞులు దాన్ని తినే ఒక చిన్న ముక్కుపురుగును తెప్పించి, అది కమ్ముకున్న ఒక కలువకొలనులో వదిలారు. ఏడాది తిరిగేలోగా కొలను బాగుపడింది. 2020లో కేరళలోని కోజికోడ్ జిల్లాలో ఒక కాలువ గులాబీరంగు పూలతో నిండితే చూడడానికి జనం తండోపతండాలుగా వెళ్లారు. ఆ పూలు కబొంబా అనే దక్షిణ అమెరికా మొక్కవి. గాజుతొట్లలో పెంచే మొక్కే అది.

తప్పు ఏ మొక్కదీ కాదు. హైడ్రిల్లా ఈ దేశపు చెరువుల్లో చేపలకు నీడనిచ్చే మొక్క. దాన్నే అక్వేరియం వ్యాపారులు 1950ల తొలినాళ్లలో శ్రీలంక నుంచి అమెరికాలోని ఫ్లోరిడాకు తీసుకువెళ్లారు. అక్కడ బయటి నీళ్లలో పడి సరస్సులను, కాలువలను కమ్మేసింది. దాన్ని అదుపు చేయడానికి అక్కడి ప్రభుత్వం ఏటా ఎంతో ధనం ఖర్చుచేస్తున్నది. సొంత చెరువులో దాన్ని తినే జీవులు, దానితో పోటీపడే మొక్కలు ఉంటాయి. కొత్తచోట వాటిలో ఏవీ ఉండకపోవచ్చు.

కాబట్టి తొట్టి పెట్టదలచినవారు స్థానికంగా పెరిగే మొక్కలతో మొదలుపెట్టడం ఉత్తమం. గుర్రపుడెక్క, సాల్వీనియా వంటివాటిని ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. తొట్టిని పదిహేను రోజులకొకసారి శుభ్రంచేసేటప్పుడు చేతినిండా కొమ్మలు, ఆకులు వస్తాయి. వాటిని మురుగుకాలువలోనో, చెరువులోనో విసిరేయడం ఎంతో సులభం. వేలెడంత హైడ్రిల్లా ముక్క ఒక్కటి చాలు, అది మళ్లీ మొక్కవుతుంది. కత్తిరించినవాటిని ఎండలో బాగా ఎండబెట్టి, పెరటి మొక్కల మొదట్లో ఎరువుగా వేయాలి. తొట్టి పెంచడంలో ఆఖరి పని ఇదే. చూసేవారెవరూ మెచ్చుకోని పని కూడా ఇదే. దీన్ని మరవకుండా చేసేవారి చేతిలోనే గాజుతొట్టి, ఊరి చెరువు రెండూ పచ్చగా ఉంటాయి.