ఇంటిపేరు చెప్పే కబుర్లు

జైనూర్ సంతలో పరిచయం లేని ఇద్దరు గోండులు ఎదురైతే, రాంరాం అయ్యాక ముందుగా తేలాల్సింది ఇంటిపేరే. ఆత్రం, మడావి, మెస్రం, సిడాం, కనక... ఆ ఒక్క మాటతో ఎదుటి మనిషి నాలుగు దేవతల సగ (వంశ విభాగం) వాడా, ఐదా, ఆరా, ఏడా అన్నది తెలిసిపోతుంది. ఒకే సగ అయితే అన్నదమ్ముల వరస. పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఉండదు. వేరే సగ అయితే వియ్యపు వరస కలవొచ్చు.

అసలు పేరుకు అంత బరువు లేదు.

ఆ ఇంటిపేరే తెలుగు నోట్లో పడితే రూపం మారుతుంది. జోడేఘాట్ వీరుడు భీం ఇంటిపేరును ఒకరు కుమ్రం అంటారు, ఇంకొకరు కొమురం, మరొకరు కొమరం. 2016లో ఏర్పడిన జిల్లాకు మాత్రం కుమురం భీం పేరు ఖాయమైంది. జైనూర్ ఇప్పుడు ఆ జిల్లాలోనిదే. భీం కథను నవలగా రాసిన ఇద్దరిలో అల్లం రాజయ్య సొంత పేరుతోనే నిలిచారు. రెండోవారు సాహు అనే కలంపేరు వెనక ఉండిపోయారు.

కరీంనగర్ వైపు ఇంకో దారి. హనుమాజీపేట కవి సింగిరెడ్డి నారాయణరెడ్డి తన ఇంటిపేరులో ఒకటి, పేరులో రెండు అక్షరాలు తీసుకుని సినారె అయ్యారు. ఇంటిపేరు దాగలేదు, పొట్టిదయిందంతే.

పేర్లు వలస కూడా పోతాయి. జైనూర్ పక్కనే మార్లవాయిలో గోండుల మధ్య బతికిన ఆస్ట్రియా పండితుడు హైమన్‌డార్ఫ్ కొడుకు నికొలస్‌ను, గోండులు లచ్చు పటేల్ అనే పిలుచుకున్నారు.