వందో మూర

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగారు. కవితలు రాయడం నాకు చేతకాదు, స్టాటిస్టిక్స్ గురించి రాస్తానన్నాను. "అది ఎవరు చదువుతారయ్యా?" అని సార్ నవ్వారు. కానీ ఆ లెక్క వల్ల మా ఇంట్లో 960 రూపాయలు పోయాయి. డబ్బు పోయిన కథ అంటే ఎవరైనా చదువుతారని ధైర్యం చేస్తున్నాను.

మా అమ్మ రాజమండ్రిలో గుడి దగ్గర పూలు అమ్ముతుంది. తెల్లవారకముందే కడియపులంక మార్కెట్‌కు వెళ్ళి మల్లెమొగ్గలు తెచ్చి, మాలలు కట్టి, మూరల లెక్కన అమ్ముతుంది. అమ్మ బడి మొహం చూడలేదు. నాన్న ఐదో తరగతి. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. బి.కాం. పూర్తిచేసి, ఐసెట్ రాసి ఇంట్లో ఉన్న వేసవిలో అమ్మ వ్యాపారాన్ని బాగుచేయాలనే బుద్ధి పుట్టింది. చదువుకున్నవాణ్ణి కదా!

ముప్పై రోజులు అమ్మ పక్కనే కూర్చుని, ఏ రోజు ఎన్ని మూరలు పోయాయో నోటుబుక్కులో రాశాను. పూలు అయిపోయాక వచ్చి అడిగి వెళ్ళినవాళ్ళనూ లెక్కలో వేశాను. ఆ నెలలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. మొత్తం 3,000 మూరలు తేలింది. 30తో భాగిస్తే సరిగ్గా 100.

"అమ్మా, రేపటినుంచి రోజూ వంద మూరలకు సరిపడా తే" అన్నాను.

"మామూలు రోజుల్లో డెబ్భై అయిదుకి మించి తేనురా. మిగిలితే ఏం చేసుకుంటాం?"

"లెక్కలో వచ్చిందమ్మా."

లెక్క అనేసరికి అమ్మ ఇంకేమీ అనలేదు. నన్ను చదివించిందే ఇలాంటి మాట చెబుతానని. సోమవారం నుంచి గురువారం దాకా వంద చొప్పున తెచ్చింది. 22, 15, 31, 12 మూరలు మిగిలాయి. మొగ్గలు, దారం, ఆటో అన్నీ కలిపి మూరకు 12 రూపాయలు పడుతుంది. 80 మూరలకు 960 రూపాయలు. అది నా కౌన్సెలింగ్ ఫీజుకని డబ్బాలో దాచిన డబ్బు. పక్కింటి పిన్ని దగ్గర చేబదులు తెచ్చి ఫీజు కట్టాం. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "రేపు అమ్ముకుందాం అనడానికి అవి ఉల్లిపాయలు కాదు కదరా" అని మాత్రం అంది.

ఎం.బి.ఏ. మొదటి సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ పేపరు ఉందని తెలిసి భయం వేసింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అంటే తెలుసు. క్లాసులో మీన్, మీడియన్, మోడ్ అంటుంటే పక్కవాడి నోట్సు చూసి పోల్చుకునేవాణ్ణి. "స్టూడెంట్స్ టి-టెస్ట్" అంటే విద్యార్థులకు పెట్టే పరీక్ష అనుకున్నాను! డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్ 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో ఆ పద్ధతిని అచ్చువేశాడని తర్వాత తెలిసింది. కొద్దిపాటి నమూనాలతోనే నిర్ణయానికి రావాల్సిన అవసరం ఆయనది. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్ళి స్టాటిస్టిక్స్‌లో ప్రపంచానికి తెలిసిన సి.ఆర్.రావు గారి సంగతి కూడా ఆ క్లాసులోనే విన్నాను.

మీన్ పాఠం రోజునే నా తప్పు సగం తెలిసింది. రాత్రి స్టడీ అవర్‌లో పెట్టె అడుగునుంచి పాత నోటుబుక్కు తీశాను. నాలుగు శుక్రవారాలు 150 చొప్పున, రెండు పెళ్ళి ముహూర్తాల రోజులు 240 చొప్పున పోయాయి. ఈ ఆరు రోజులే సగటును పైకి లాగాయి. మిగతా 24 రోజుల్లో ఒక్కరోజు కూడా వంద చేరలేదు. వాటి సగటు 80. అయితే 80 తేవాల్సిందన్నమాట అనుకుని నిద్రపోయాను.

అదీ తప్పే! సెమిస్టర్ చివర్లో నిర్ణయాల పాఠం వచ్చింది. సార్ పేపర్లు అమ్మేవాడి లెక్క చేయిస్తుంటే నాకు మల్లెపూల వాసన వచ్చింది. మూర అమ్మితే 20 రూపాయలు, అంటే లాభం 8. మిగిలిపోతే నష్టం 12. కాబట్టి ఇంకొక్క మూర ఎక్కువ తేవాలంటే, అది పది రోజుల్లో కనీసం ఆరు రోజులైనా అమ్ముడుపోవాలి. 80వ మూర 24 రోజుల్లో 12 రోజులే పోయింది. పదికి అయిదు. అంటే పది రోజుల్లో 40 వచ్చి 60 పోతాయి. వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. 75వ మూర 15 రోజులు పోయింది. పదికి ఆరు దాటింది. 76వది 14 రోజులే, చాలదు.

డెబ్భై అయిదు. ఆ అంకె చూసి కాసేపు పెన్ను కదపలేకపోయాను.

మన మెస్‌లో వంట చేసే అక్క కూడా ఇంతే, తమ్ముళ్ళూ. శనివారం సగంమంది ఊళ్ళకు పోతారని బియ్యం తగ్గించి పోస్తుంది. ఏ రిజిస్టరూ చూడదు. ఆదివారం రాత్రి అన్నం చాలలేదని గొడవపడినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మకు ఆ పేజీ చూపించి, పదికి ఆరు సంగతి విడమరిచి చెప్పాను. శ్రద్ధగా వింది. "నేను తెచ్చేది అదే కదరా" అని మాల కట్టుకుంటూనే, "మరి వాన పట్టిన రోజు ఎన్ని తేవాలో రాశావా?" అని అడిగింది.

ఆ 30 రోజుల్లో ఒక్క చినుకు కూడా పడలేదు. ఇప్పుడు కొత్త నోటుబుక్కులో వానకు వేరే గడి గీశాను. మా చెల్లి రాస్తోంది.