రసాల రాజ్యంలో... వేసవి విడిది!

జెయింట్ వీల్ ఉండదు. రోలర్ కోస్టర్ ఉండదు. చేతికి కట్టే కాగితప్పట్టీ, గంటలకొద్దీ నిలబడే క్యూ, మంచినీళ్ల సీసాకి కూడా జేబు తడుముకునే అవస్థ... ఏవీ ఉండవు. అయినా పొద్దున్నే లోపలికి వెళ్లిన పిల్లలు చీకటిపడినా బయటికి రామంటారు. నూజివీడు మామిడి తోటలంటే అంతే మరి!

వేసవి సెలవులొస్తున్నాయంటే ఇంటింటా ఒకటే చర్చ. ఎక్కడికెళ్దాం? పిల్లలు రామోజీ ఫిల్మ్‌సిటీ అంటారు. కాదంటే వండర్‌లా అంటారు. పెద్దలు రైలు టికెట్లూ, ప్రవేశ రుసుమూ, హోటల్ గదీ లెక్కేసుకుని నిట్టూరుస్తారు. ఒకప్పుడు ఈ జాబితా అవసరమే ఉండేది కాదు. సెలవులంటే అమ్మమ్మగారి ఊరే. ఆ ఊరు నూజివీడు చుట్టుపక్కలైతే... ఇక ఆ పిల్లల అదృష్టమే అదృష్టం!

బోర్డు చూసి కంగారు పడొద్దు
విజయవాడ నుంచి నూజివీడుకు నలభై అయిదు కిలోమీటర్ల దూరం ఉంటుంది. రైల్లో వచ్చేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నూజివీడు అన్న బోర్డు చూసి దిగితే కనిపించేది నూజివీడు కాదు, హనుమాన్ జంక్షన్. స్టేషను అక్కడుంది, ఊరేమో ఇంకా లోపలికి ఉంది. బస్సో ఆటోనో ఎక్కి ఉత్తరంగా కాస్త దూరం వెళ్లేసరికి దృశ్యం మారిపోతుంది. వరి చేలు వెనకబడతాయి. ఎర్ర నేలలు మొదలవుతాయి. రోడ్డుకి రెండువైపులా గొడుగులు పట్టుకుని బారులు తీరినట్టు మామిడి చెట్లు!

కృష్ణా డెల్టా కాలువలు అందిన చోట వరి, అందని మెట్టలో మామిడి- ఈ ప్రాంతం కథ క్లుప్తంగా ఇదే. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట, మైలవరం, తిరువూరు... ఇదంతా మామిడి సీమే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. మైలవరం, తిరువూరు వైపు ఎన్టీఆర్ జిల్లా అయింది. జిల్లా మారినా పండుకి పేరు మారలేదు. హైదరాబాద్ బండి మీదైనా, విశాఖ మార్కెట్లోనైనా వ్యాపారి అరిచేది 'నూజివీడు రసాలు' అనే!

పేరు పేరునా రుచి
పట్నం పిల్లలకు తెలిసిన మామిడి రెండే రకాలు- ఇంట్లో కోసుకునేది, సీసాలో తాగేది. ఇక్కడికొస్తే పేర్లు నేర్చుకోవడానికే ఒక పూట పడుతుంది. ముక్కలు కోసుకుని తినే బంగినపల్లి, జుర్రుకునే చిన్నరసం, పెద్దరసం, పేరులోనే తీపి నింపుకున్న చెరుకురసం, బుగ్గన ఎరుపు పులుముకున్న సువర్ణరేఖ, పచ్చడికి పేరుపడ్డ కొత్తపల్లి కొబ్బరి, జలాలు. ముక్కు తిరిగినట్టుండే తోతాపురిని ఇక్కడివాళ్లు 'కలెక్టర్' అంటారు. పిల్లలు సీసాల్లో తాగే మామిడి పానీయాల్లోకి వెళ్లే గుజ్జు ఎక్కువగా ఈ కలెక్టర్‌దే.

బంగినపల్లి సొంతూరు ఇప్పటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె. 2017లో ఆ పండుకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. తోలు మందం, కండ గట్టి కాబట్టి లారీలెక్కి ఢిల్లీ దాకా క్షేమంగా వెళ్లగలదు. రసాల సంగతి అలా కాదు. పలచని తోలు, లోపలంతా రసమూ పీచూ. పండాక రెండ్రోజులు ఆగదు, కుదుపులు ఓర్చుకోదు. అందుకే దేశమంతా తిరిగే పండు బంగినపల్లి అయితే, రసం మాత్రం ఇంటిపట్టున ఉండే పండు. దాని అసలు రుచి కావాలంటే మనమే దాని ఊరికి వెళ్లాలి!

తినడానికీ ఓ పద్ధతుంది
పండుని కత్తితో కోయబోతే పెద్దలు ఒప్పుకోరు. ముందు చెట్టు వేడి పోయేదాకా బక్కెట్ నీళ్లలో వేసి ఉంచాలి. తర్వాత తొడిమ తీసి మొదటి నాలుగు చుక్కలు పిండి పారేయాలి. అది సొన. మూతికి అంటితే పొక్కుతుంది. ఆపైన రెండు అరచేతుల మధ్యా పండుని మెల్లగా నలపాలి. లోపల గుజ్జంతా కదిలి మెత్తబడ్డాక కొస కొరికి నోట పెట్టుకోవడమే. చివరికి టెంక బయటికొస్తుంది. దాన్ని తెల్లబడేదాకా చీకితేనే తిన్నట్టు లెక్క. మోచేతుల దాకా కారిన రసాన్ని చూసి అమ్మ కళ్లెర్రజేస్తే 'పోనీలేవే, బావి దగ్గర నాలుగు చెంబులు పోస్తే సరి' అని అమ్మమ్మ వెనకేసుకొస్తుంది.

పెరుగన్నంలో మామిడిపండు, పచ్చికాయ ముక్కల మీద ఉప్పూకారం, మామిడికాయ పప్పు, ఎండలో ఆరే ఒరుగులు... రోజుకో రుచి. మే నెల ముదిరేసరికి ఇంటినిండా ఆవకాయ హడావుడి. కత్తిపీటతో టెంకతో సహా కాయను ముక్కలు కొట్టడం, జీడి తీసి గుడ్డతో తుడవడం, ఆవపిండీ కారమూ ఉప్పూ కలిపి నువ్వులనూనె పోసి జాడీకి వాసెన కట్టడం... పిల్లలకు ఇదంతా ఓ వేడుక. మూడోనాడు జాడీ తిరగ కలిపాక వేడన్నంలో తొలి ముద్ద ఎవరికన్నదే వాళ్ల మధ్య పెద్ద పంచాయతీ!

టికెట్టు లేని ఆటలు
తోటలో పొద్దు అయిదింటికే మొదలవుతుంది. రాత్రి గాలికి రాలిన కాయలు ఏరుకోవడం మొదటి ఆట. ఎవరికి ఎక్కువ దొరికితే వాళ్లే గెలిచినట్టు. తర్వాత చిక్కం. పొడుగాటి వెదురుగడకు చివర వలసంచి కట్టిన ఈ పరికరంతో పైకొమ్మల కాయల్ని దెబ్బ తగలకుండా దింపుతారు. కాయని వలలోకి తీసుకుని, తొడిమ తెగేలా ఒక్క లాగు లాగాలి. చూడటానికి తేలికే. పట్నం కుర్రాడికిస్తే పదిసార్లకు ఒక కాయ పడుతుంది. అది పడ్డప్పుడు వాడి మొహం చూడాలి!

'తాతయ్యా, ఈ చెట్టుకెన్నేళ్లు?' అనడిగితే 'మా నాన్న పెట్టిన చెట్టురా' అన్న జవాబు ఇక్కడ ఎన్నో తోటల్లో వినిపిస్తుంది. వరుసకూ వరుసకూ పది మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి నలభై చెట్లు. అంటుమొక్క నాలుగైదేళ్లకు కాపు మొదలుపెడుతుంది. తర్వాత తరాలపాటు కాస్తూనే ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో చెట్టు నిండా పూసిన పూతలో నూటికి ఒకటి కూడా కాయగా నిలవదు. మంచు ఎక్కువైతే పూత మాడుతుంది. తేనెమంచు పురుగు, బూడిద తెగులు, తామర పురుగు తలో చెయ్యీ వేస్తాయి. అన్నీ దాటి కాయ పరువుకొచ్చే వేళకు ఒక్క గాలివాన చాలు... ఏడాది కష్టం నేలపాలు. చెట్టుకింద పిల్లలు కేరింతలు కొడుతూ ఏరుకునే కాయలు రైతుకి ఏమవుతాయో చెప్పే పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

తోట తాతయ్యది... కాయ?
ఇక్కడో తిరకాసుంది. తోట మనదే కదా అని చెట్టెక్కితే కాపలా మనిషి పరుగున వచ్చేస్తాడు. చాలామంది రైతులు పూత మీదో పిందె మీదో తోటను వ్యాపారికి అమ్మేస్తారు. ఆ ఏటి కాపంతా అతనిదే. మందులు కొట్టడం, కాపలా, కోత అన్నీ ఆయన ఖర్చే. తోట యజమానికి ఇంటి వాడకానికి ఇన్ని కాయలని మాట ఉంటుంది. రైతుకి చేతికి ముందే డబ్బొస్తుంది, కాపు పోతే నష్టం తప్పుతుంది. కాపు బాగుండి ధర పలికితే మాత్రం ఆ లాభం వ్యాపారిదే.

కోసిన కాయ విజయవాడ దగ్గరి నున్న మార్కెట్‌కో, ఆగిరిపల్లి మండలం ఈదర మార్కెట్‌కో చేరుతుంది. సీజన్లో అక్కడికెళ్తే కాయల రాసులు, వేలం కేకలు, ఉత్తరాదికి సిద్ధమయ్యే లారీలు... పిల్లలకు ఆర్థికశాస్త్రం కళ్లకు కట్టినట్టే. కాయను మగ్గబెట్టడం గురించీ అక్కడే తెలుసుకోవచ్చు. వెనకటికి గదిలో వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పేవారు. తర్వాత త్వరపడే వ్యాపారుల చేతికి కార్బైడ్ వచ్చింది. దానితో పండ్లు మగ్గబెట్టడం చట్టరీత్యా నిషేధం. 2016 నుంచి పరిమిత మోతాదులో ఎథిలిన్ వాయువుని అనుమతించారు. గడ్డిలో మగ్గిన రసం వాసన ఒకసారి తెలిసిన పిల్లాడు జన్మలో మోసపోడు!

నారింజ తోటలో డిస్నీల్యాండ్
ప్రపంచంలోకెల్లా పేరున్న వినోద పార్కు డిస్నీల్యాండ్. 1955 జులైలో అమెరికాలోని అనాహైంలో తెరిచారు. ఆ స్థలంలో అంతకుముందు ఉన్నదేంటో తెలుసా? 160 ఎకరాల నారింజ తోటలు! చెట్లు తీసేసి పార్కు కట్టారు. చుట్టూ హోటళ్లు లేచాయి. ఆ జిల్లా పేరు ఇప్పటికీ ఆరెంజ్ కౌంటీయే, ఆ నారింజ తోటలే దాదాపు కనుమరుగయ్యాయి.

అక్కడికి కాస్త దూరంలోనే మరో కథ. వాల్టర్ నాట్ అనే రైతు రోడ్డు పక్కన బెర్రీ పండ్లు అమ్ముకునేవాడు. 1934లో ఆయన భార్య కోడికూర భోజనాలు మొదలుపెట్టింది. జనం బారులు తీరారు. ఎదురుచూసేవాళ్లకి విసుగు రాకుండా 1940 నుంచి పక్కనే పాతకాలపు ఊరి నమూనా ఒకటి కట్టసాగాడు. అదే పెరిగి పెద్దదై ఇప్పుడు 'నాట్స్ బెర్రీ ఫామ్' అనే పేరున్న థీమ్ పార్కు అయింది. ఒకచోట పార్కు కోసం తోట పోయింది. మరోచోట తోట దగ్గరికి భోజనానికి వచ్చిన జనమే పార్కుని పుట్టించారు.

నూజివీడు రైతుల ముందు ఇప్పుడున్నదీ ఇలాంటి ప్రశ్నే. ఒక ఏడు విరగకాసి మరుసటేడు ముఖం చాటేసే చెట్టు, నిలకడ లేని ధర, దొరకని కూలీలు. నెలనెలా గెలలు కోసుకునే వీలున్న ఆయిల్‌పామ్ పక్కనే ఊరిస్తోంది. మామిడి కొట్టేసి అటు మళ్లినవాళ్లున్నారు, మొక్కజొన్న వేసినవాళ్లున్నారు, ప్లాట్లకు ఇచ్చేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పు పట్టలేం. కుటుంబం గడవాలి కదా! కాకపోతే ముత్తాత నాటిన చెట్టు కూలడానికి రంపంతో గంట చాలు. మళ్లీ అంతటిది కావాలంటే మనవడి మనవడిదాకా ఆగాలి.

మహారాష్ట్రలో రైతులు పొలాల్లోనే పట్నవాసులకు గదులూ, భోజనాలూ ఏర్పాటుచేసి రెండో ఆదాయం చూసుకుంటున్నారు. అక్కడి ప్రభుత్వం 2020లో వ్యవసాయ పర్యటకానికి ప్రత్యేక విధానమే తెచ్చింది. రసాన్ని దూరం పంపలేకపోవడం ఇప్పటిదాకా నూజివీడు బలహీనత. మనిషినే రసం దగ్గరికి రప్పిస్తే అదే బలం అవుతుంది. తోటలో ఓ పూట గడిపి, చెట్టుకింద భోంచేసి, నాలుగు బుట్టలు నేరుగా రైతు దగ్గరే కొనుక్కెళ్లే కుటుంబాలు పెరిగితే చెట్టుకి కాయతో పాటు నీడకీ విలువ వస్తుంది.

వెళ్లే ముందు...
బంగినపల్లి కోసమైతే ఏప్రిల్ చివర, రసాల కోసమైతే మే నెల మంచిది. రోహిణి కార్తె ఎండలు మామూలుగా ఉండవు. తోటలో తిరుగుళ్లన్నీ పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాతే. టోపీ, మంచినీళ్లు, మజ్జిగ తప్పనిసరి. బంధువులెవరూ లేకపోతే ముందే ఎవరైనా రైతుతోనో వ్యాపారితోనో మాట్లాడుకోవాలి. అడగకుండా కాయ మీద చెయ్యి వేయకూడదు.

మధ్యాహ్నాలు ఖాళీగా గడపక్కర్లేదు. నూజివీడు ఒకప్పుడు మేకా వంశపు జమీందార్ల సంస్థానం. పనసచెక్కను తొలిచి వీణలు చేసే కళాకారులకు ఈ ఊరు పేరుపడింది. ఆగిరిపల్లిలో శోభనాచలస్వామి ఆలయం ఉంది. తిరుగు ప్రయాణంలో విజయవాడ దాటాక కొండపల్లి కోట, తెల్లపొణికి చెక్కతో చేసే బొమ్మలు చూడొచ్చు.

వచ్చేటప్పుడు పండ్లబుట్ట ఎలాగూ తెచ్చుకుంటారు. కాస్త చోటుంటే ఓ అంటుమొక్క కూడా తెచ్చుకోండి. పెరట్లో నాటి, నీళ్లు పోసే పని పిల్లలకే అప్పజెప్పండి. నాలుగైదేళ్లకు తొలి కాయ కాస్తుంది. వినోద పార్కులో కొన్న బొమ్మ అప్పటికి ఏ మూలనుంటుందో మరి!