జాగా రేటు

“రంగులకీ సున్నాలకీ డబ్బు తగలెయ్యకండి. కొనేవాడికి కావలసింది జాగా. ఇల్లు పడగొట్టించే ఖర్చు కూడా మీ రేట్లోంచే తగ్గించమంటాడు” అన్నాడు బ్రోకరు, వసారా మెట్టు మీదే నిలబడి. అన్నయ్య ముఖం మాడిపోయింది. అప్పటికే పెయింటరుకి బయానా ఇచ్చేశాడు మరి.

తెనాలిలో మా తాతయ్య 1946లో స్థలం కొని కట్టించిన పెంకుటిల్లు అది. బర్మా టేకు దూలాలు, పసుపు రాసిన గడపలు, పెరట్లో నుయ్యి. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరులో గాలికి వసారా పెంకులు లేచిపోతే నాన్న మళ్లీ నేయించారు. అమ్మ సంవత్సరీకాలు అయ్యాక అందరం కూర్చున్నాం. అన్నయ్యది బెంగళూరు, అక్కది విశాఖ, నాది హైదరాబాదు, తమ్ముడిది డల్లాస్. వెనక్కొచ్చి కాపురముండేవాళ్లం ఎవరమూ కాదు. “అమ్మేద్దాం” అని పైకి అన్నది మాత్రం వదినే. మంచిపని చేసింది, మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు.

బరువైన సామానంతా ఇట్టే తేలిపోయింది. పందిరి మంచం అక్క తీసుకుంది. ఇత్తడి కొనే అతను కాటా పట్టుకుని వచ్చి గంగాళం, కాగు, బిందెలు ఒక్కొక్కటే తిరగేసి వేలితో కొట్టి చూశాడు. మాటు వేసిన బిందె దగ్గర ఆగి, “సీసం ఉందమ్మా, తరుగు తియ్యాలి” అన్నాడు. ఆ మాటు వేయించిన రోజు అమ్మ గుమ్మంలో బేరమాడటం నాకు గుర్తే. రుబ్బురోలు మాత్రం ఊరికే ఇస్తామన్నా ఎవరూ కదిలించలేదు.

మేం ఇరుక్కుపోయింది స్టీలు గిన్నెల దగ్గర. ఒకప్పుడు కొత్త గిన్నె కొంటే కొట్టువాడే మిషను పెట్టి పేరు చెక్కిచ్చేవాడు. ఫలానా వారి గృహప్రవేశం, ఫలానా చిరంజీవి వివాహం, కింద తేదీ. మూతల మీద, గరిటె కాడల మీద, టిఫిను క్యారియరు అడుగున మా బంధుత్వాలన్నీ చుక్కలుచుక్కలుగా ఉన్నాయి. అక్క కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్కటే పైకి చదువుతుంటే, ఏ పెళ్లిలో ఎవరు అలిగారో గుర్తుచేసుకోవడంలో పొద్దు పోయింది. మధ్యలో ఒక గిన్నె మీద మా ఇంటిపేరు లేదు. పక్కింటి మామ్మగారిది! ఏ పండక్కో పులిహోర పెట్టి పంపి ఉంటారు, ఇటే ఉండిపోయింది. మామ్మగారు లేరిప్పుడు. గిన్నె ఉత్తదిగా తిరిగివ్వకూడదని వదిన అందులో పంచదార పోసి వాళ్ల కోడలికి ఇచ్చొచ్చింది. “మీ గిన్నెలు మా ఇంట్లో ఎన్నున్నాయో చూడాలి” అందిట ఆవిడ.

దేవుడి పటాలు ఇంకో తంటా. చెత్తలో వెయ్యలేం, నలుగురం పంచుకున్నా మిగిలేటన్ని ఉన్నాయి. వెలిసిపోయిన వాటిని గుడి ఆవరణలో రావిచెట్టు కింద పెడదామని బావగారు, నేను మూటగట్టుకుని వెళ్లాం. అక్కడ అప్పటికే జాగా లేదు. మాలాగే ఇళ్లు ఖాళీ చేసినవాళ్లు మానుకి చేరేసిపోయిన వెంకటేశ్వరస్వాములూ లక్ష్మీదేవులూ అద్దాలు పగిలి వరసగా ఉన్నారు. పూజారిగారు మమ్మల్ని చూసి ఏమీ అనలేదు, అలవాటైపోయినట్టుంది.

అటక మీద నాన్న బైండు చేయించిన చందమామలు, యువలు ఉన్నాయి. ఆ పత్రికలు నడిపిన చక్రపాణిగారు మా ఊరివారని నాన్నకి వాటి మీద అదనపు మమకారం. ఒక గ్రంథాలయంలో అడిగితే “చోటు లేదండీ” అన్నారు. చివరికి పాత పుస్తకాలు సేకరించే ఒకాయన వచ్చి, చెదలు పట్టనివి ఏరుకుని తీసుకెళ్లారు.

ఇక కాగితాలు. నా ఉద్దేశంలో తెలుగునాట ఇల్లు అమ్మకానికి సిద్ధం చేయడమంటే ఇవి పోగెయ్యడమే. తాతయ్య కొన్న దస్తావేజు ఇనప్పెట్టెలో దొరికింది. జార్జి రాజు బొమ్మ స్టాంపు కాగితం, చెక్కుబందీలో తూర్పున ఎవరిదో దొడ్డి, పడమర పుంత దారి. ఇప్పుడక్కడ దొడ్డీ లేదు, పుంతా లేదు. నాన్న వీలునామా రాయలేదు గనక ఆడపిల్లలతో సహా నలుగురం సంతకాలు పెట్టాలి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తేవాలి. తమ్ముడు హ్యూస్టన్‌లో మన కాన్సులేటుకి వెళ్లి పవరు పత్రం చేయించి పంపాడు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

ఇవన్నీ అయ్యాయి గానీ కొనేవాళ్ల లాయరు, “తాతగారి నుంచి మీ నాన్నగారికి ఎలా వచ్చింది? లింకు ఏదీ?” అన్నాడు. నాన్నకీ పెదనాన్నకీ మధ్య జరిగిన పారిఖత్తు కావాలన్నమాట. ఇంట్లో లేదు. కంప్యూటరులో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల చిట్టా, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత పుస్తకాలు తిరగేయించాలి. ఏ ఏడాదో తెలియకుండా ఎన్ని తిరగేయిస్తాం? బేరం అక్కడ ఆగిపోయింది.

పాతపేపర్లవాడి కోసం వసారాలో కట్టిపెట్టిన కట్టల మీద ఉత్తరాల తీగ ఒకటి ఉంది. మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉండేదే, కొక్కేనికి వేలాడే ఇనప తీగ, వచ్చిన కార్డల్లా దానికి గుచ్చెయ్యడమే. పారేసే ముందు ఒకసారి చూద్దామని అక్క తీసింది. తమ్ముడికి ఫోనులో కనిపించేలా అన్నయ్య చదవడం మొదలుపెట్టాడు. ఉభయకుశలోపరి అయ్యాక ప్రతి కార్డులోనూ వానలూ, ధాన్యం ధరా, ఎవరికో కాన్పు. అర్ధరాత్రి దాకా అదే పని. వాటిలో పెదనాన్న రాసిన ఇన్‌లాండు కవరు వచ్చింది. “పారిఖత్తు రిజిష్టరీ అయినది, నెంబరు రాసి ఉంచుకో” అని ఉంది. కింద నెంబరు, 1971.

నెంబరూ ఏడాదీ చెబితే నకలు తేలిగ్గా వచ్చింది. శ్రావణంలో రిజిస్ట్రేషను అయింది. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి నూటికి ఏడున్నర కొన్నవాళ్లే కట్టుకున్నారు. గజం లెక్కన వచ్చిన సొమ్ములో ఇంటికంటూ పైసా లేదు. దూలాలు, తలుపులు మాత్రం పాత కలప కొనే అతనికి విడిగా అమ్ముకున్నాం. అన్నయ్య పెయింటరుకిచ్చిన బయానా ఇంతవరకు తిరిగి రాలేదు.

ఇల్లు ఖాళీ చేయబోయేవాళ్లకి నా మనవి ఒకటే. ఇత్తడీ స్టీలూ ఎప్పుడైనా తూకానికి వేసుకోండి. రిజిస్ట్రేషను పూర్తయ్యేదాకా కాగితం ముక్క మాత్రం గడప దాటనివ్వకండి, ఉత్తరాలతో సహా.