దొంగ వెంట... బెర్లిన్ వీధుల్లో!

జేబులో 140 మార్కులు. అందులో 120 అమ్మమ్మకివ్వాలి. మిగతా 20 తన ఖర్చులకి. అమ్మ ఊళ్లో ఆడవాళ్ల తలలు రుద్ది, జుట్టు దిద్ది కూడబెట్టిన డబ్బది. ఎక్కడ పోగొట్టుకుంటానో అని భయమేసి, ఆ పిల్లాడు రైల్లో టాయ్‌లెట్‌లోకి వెళ్లి నోట్లున్న కవరుని కోటు లోపలివైపు గుండుసూదితో గుచ్చేసుకున్నాడు. ఇక బెంగ లేదనుకున్నాడు. కాసేపటికి కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి కవరు లేదు. ఎదుటి సీట్లో కూర్చుని చాక్లెట్ పెట్టిన టోపీ పెద్దమనిషీ లేడు!

రైలు ఏదో స్టేషన్లో ఆగింది. కిటికీలోంచి చూస్తే జనం మధ్యలో ఆ గుండ్రటి టోపీ కదిలిపోతోంది. అంతే... ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో అమ్మమ్మ కోసం తెచ్చిన పూలగుత్తి పట్టుకుని దూకేశాడు.

ఆ పిల్లాడు ఎమిల్. ఆ స్టేషన్ బెర్లిన్‌లోని జూ స్టేషన్. కథ పేరు ‘ఎమిల్ అండ్ ద డిటెక్టివ్స్’. జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్నర్ 1929లో రాశాడు. డిటెక్టివ్ అంటే మనకి కొమ్మూరి సాంబశివరావు యుగంధరే గుర్తొస్తాడు. ఆ నవలలు పిల్లలు చదవాలంటే పాఠ్యపుస్తకం మధ్యలో దాచుకోవాల్సిందే! కెస్ట్నర్ మాత్రం ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్ల కోసమే పరిశోధన కథ రాశాడు. మన పిల్లలకి బాగా తెలిసిన ఎనిడ్ బ్లైటన్ ‘సీక్రెట్ సెవెన్’ వచ్చింది ఇరవై ఏళ్ల తర్వాత, 1949లో.

ఇందులో రాజుల్లేరు, మాయల్లేవు, కోటల్లేవు. ఉన్నవన్నీ బెర్లిన్‌లోని అసలు వీధులే. అందుకే పుస్తకం పట్టుకుని ఎమిల్ వెళ్లిన దారిలో మనమూ వెళ్లొచ్చు.

మూడో స్టేషన్లో దిగితే...

జూ స్టేషన్ ఒకప్పుడు పశ్చిమ బెర్లిన్‌కి గుమ్మంలాంటిది. 2006లో కొత్త ప్రధాన స్టేషన్ తెరిచాక దూరప్రాంతపు రైళ్లు ఇక్కడ ఆగడం మానేశాయి. బయటికి రాగానే శిఖరం విరిగిపోయిన కైజర్ విల్హెల్మ్ చర్చి కనిపిస్తుంది. 1943లో బాంబులు పడ్డాయి. గుర్తుగా ఉండాలని దాన్ని అలాగే వదిలేశారు. ఎమిల్ చూసినప్పుడు ఆ శిఖరం నిటారుగానే ఉంది.

దొంగ ఇక్కడ 177 నంబరు ట్రామ్ ఎక్కుతాడు. వెనకే ఎమిల్. టికెట్‌కి డబ్బుల్లేవు. కండక్టర్ నిలదీస్తే, పేపర్ చదువుకుంటున్న ఒకాయన తలెత్తి డబ్బులిచ్చేస్తాడు. ఆయన పేరు చివర్లో గానీ తెలియదు. కెస్ట్నర్! పత్రికా విలేకరి. తన కథలో తానే దూరిపోయాడన్నమాట. దొంగ దొరికాక ఎమిల్‌ని వెతుక్కుంటూ వచ్చి, వార్త రాసుకుని, యాపిల్ కేకు కూడా తినిపిస్తాడు. విలేకరులు ఇంత మంచివాళ్లుగా కనిపించే కథలు అరుదు. మా తరఫున ఆయనకి ధన్యవాదాలు.

ఆ ట్రామ్ ఇప్పుడు లేదు. పశ్చిమ బెర్లిన్‌లో ట్రామ్‌లన్నీ 1967లో ఆగిపోయాయి. దాని బదులు యు9 భూగర్భ రైలెక్కి మూడో స్టేషన్ గుంట్‌జెల్ స్ట్రాసెలో దిగాలి. ‘స్ట్రాసె’ అంటే వీధి. పైకొస్తే కథలోని కైజర్ అలీ రోడ్డు. 1950లో దాని పేరు బుండెస్ అలీగా మార్చారు. పక్కనే ట్రౌటెనౌ స్ట్రాసె మూల. దొంగ దర్జాగా కూర్చుని టిఫిన్ తిన్న కేఫ్ జోస్టీ కథలో ఉన్నది ఇక్కడే. ఎదురుగా పేపర్ల బడ్డీ చాటున ఎమిల్ నక్కి ఉన్నాడు. ఇప్పుడా కేఫ్ లేదు. ఆ చోట నిలబడితే వినిపించేది కార్ల రొద.

పోలీసులకి చెప్పొచ్చుగా అంటారా? అక్కడే ఉంది తమాషా. సొంత ఊళ్లో గొప్పవారి విగ్రహానికి ఎర్ర ముక్కు, నల్ల మీసాలు గీసిన ఘనుడు ఎమిల్. పోలీసులు దొంగ కన్నా ముందు తనని జైల్లో వేస్తారని వాడి భయం! ఆ వయసు పిల్లల మనసు తెలిసినవాడే ఇది రాయగలడు.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి కారు హారన్ ‘పాంయ్’ మంటుంది. అదిరిపడి చూస్తే కారు లేదు. జేబులో హారన్ పెట్టుకు తిరిగే కుర్రాడు గుస్టావ్. సంగతి విని, వీధిలోని పిల్లల్నందరినీ పోగేస్తాడు. దగ్గర్లోని నికోల్స్‌బుర్గర్ ప్లాట్జ్‌లో సమావేశం. జేబుల్లో ఉన్న చిల్లర అంతా కలిపి నిధి. రహస్య సంకేతం ‘ఎమిల్’. ఈ పార్కు ఇప్పటికీ పచ్చగా ఉంది. మధ్యలో బాతుల్ని కాచే అమ్మాయి బొమ్మతో ఫౌంటెన్. బెంచీ మీద కూర్చుని పుస్తకంలో ఆ భాగం పిల్లలకి చదివి వినిపించడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు.

ఫోన్ దగ్గర మంగళవారం

ఆ గుంపులో ఒక బుల్లోడి పేరు డీన్‌స్టాగ్. అంటే మంగళవారం! అందరూ దొంగ వెంట పరుగెడుతుంటే, వాడు మాత్రం ఇంట్లో ఫోన్ దగ్గర కూర్చోవాలి. ఎవరెక్కడున్నారో ఫోన్ చేస్తే రాసుకోవాలి. వెళ్లాలని ప్రాణం లాగుతున్నా వాడు కుర్చీలోంచి కదల్లేదు. ఆఖర్న అమ్మమ్మ అందరికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది వాణ్నే.

1931లో ఈ కథని సినిమా తీశారు. తర్వాత హాలీవుడ్‌లో పెద్ద దర్శకుడైన బిల్లీ వైల్డర్ స్క్రీన్‌ప్లే రాశాడు. మంగళవారం వేషం వేసిన హాన్స్ లోర్ అప్పటికే కెస్ట్నర్‌కి అభిమాని. ఉత్తరం రాసి పరిచయం చేసుకుని, ఆయనకి దోస్తు అయిపోయాడు. పెద్దయ్యాక సైన్యంలోకి వెళ్లాల్సొచ్చింది. 1942లో రష్యా యుద్ధరంగంలో చనిపోయాడు. ఇరవయ్యేళ్లు. ఎమిల్‌గా నటించిన రోల్ఫ్ వెంక్‌హౌస్ కూడా అదే ఏడాది యుద్ధవిమానంలో కూలిపోయాడు. హారన్ గుస్టావ్‌గా నవ్వించిన హాన్స్ షౌఫుస్ అంతకు ముందు ఏడాదే పోయాడు. సినిమాలో వాళ్లు అల్లరిగా పరుగెత్తే వీధుల్ని చూస్తుంటే, ఈ సంగతి తెలిసినవాళ్లకి నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

తెల్ల ఎలుకల చౌరస్తా

దొంగ రాత్రికి మకాం వేసిన హోటల్ నోలెన్‌డోర్ఫ్ ప్లాట్జ్‌లో ఉంటుంది. పిల్లలు టాక్సీలో వెంటపడి వస్తారు. తెల్లారేసరికి వందమంది పోగవుతారు. దొంగ ఎటు కదిలితే అటు పిల్లలే! పారిపోలేడు, కసరలేడు. చివరికి బ్యాంకులో నోట్లు మారుస్తుండగా పట్టేస్తారు. ఆ నోట్లు ఎమిల్‌వే అని రుజువేంటి? గుండుసూది చిల్లులు! దొంగ మామూలోడు కాదని, బ్యాంకు దోచినవాడని తేలుతుంది. బహుమతి 1,000 మార్కులు. ఇంతకీ ఈ కథ నేర్పే నీతి ఏంటయ్యా అంటే, డబ్బెప్పుడూ మనియార్డర్‌లోనే పంపాలని తేలుస్తుంది అమ్మమ్మ.

ఇదే చౌరస్తాలోని సినిమా హాల్లో 1930 డిసెంబరులో ఇంకో అల్లరి జరిగింది. యుద్ధం వద్దని చెప్పే ‘ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’ ఆడుతుంటే గోబెల్స్ మనుషులు లోపలికి తెల్ల ఎలుకల్ని వదిలారు, కంపు బాంబులు విసిరారు. వినడానికి స్కూలు పిల్లల చిలిపి పనిలా ఉంటుంది. కొద్దిరోజుల్లోనే ఆ సినిమాని నిషేధించారు.

మూడేళ్లు తిరక్కుండానే హిట్లర్ వచ్చాడు. 1933 మే 10 రాత్రి బెర్లిన్ నడిబొడ్డున, ఇప్పటి బేబెల్ ప్లాట్జ్‌లో పుస్తకాల్ని తగలబెట్టారు. పేరు పెట్టి మంటల్లో వేసిన రచయితల్లో కెస్ట్నర్ ఒకడు. ఆయన ఆ గుంపులోనే నిలబడి చూశాడు. ‘ఎమిల్’ జోలికి మాత్రం మొదట్లో వెళ్లలేదు. పిల్లలకి అంత ఇష్టమైపోయింది మరి! కెస్ట్నర్‌ని పిల్లల కోసం రాయమని పోరిన ప్రచురణకర్త ఎడిత్ జాకబ్‌సన్, ఆ పసుపుపచ్చ అట్ట మీద బొమ్మ గీసిన వాల్టర్ ట్రియర్ ఇద్దరూ యూదులే. ఇద్దరూ దేశం విడిచి లండన్ వెళ్లిపోయారు. కెస్ట్నర్ మాత్రం వెళ్లలేదు. రాయడానికి అనుమతి లేకపోయినా ఉండిపోయాడు.

ఆ మైదానంలో ఇప్పుడు నేలలో ఒక అద్దం ఉంటుంది. వంగి చూస్తే కింద తెల్లటి గది, ఖాళీ అరలు. 20,000 పుస్తకాలు పట్టే అరల్లో ఒక్క పుస్తకమూ ఉండదు. కళాకారుడు మిఖా ఉల్మన్ 1995లో చేసిన స్మారకమిది. చీకటి పడ్డాక వెళ్తే లోపలి వెలుతురులో బాగా కనిపిస్తుంది.

అక్కడి నుంచి కాసేపు నడిస్తే ఫ్రీడ్రిక్ స్ట్రాసె స్టేషన్. ఎమిల్ అసలు దిగాల్సింది ఇక్కడ. అమ్మమ్మ, పిన్ని కూతురు పోనీ పూలకొట్టు దగ్గర ఎదురుచూసి ఎదురుచూసి ఇంటికెళ్లిపోయింది ఇక్కడి నుంచే. జూ స్టేషన్ నుంచి లోకల్ రైలెక్కితే నాలుగో స్టాపు, పది నిమిషాల ప్రయాణం. 1961లో గోడ కట్టాక ఇదే సరిహద్దు స్టేషన్ అయింది. తూర్పు నుంచి పడమటికి వెళ్లేవాళ్లని సాగనంపే హాలుకి జనం ‘కన్నీళ్ల మహల్’ అని పేరు పెట్టుకున్నారు. 2011 నుంచి అది మ్యూజియం. టికెట్ లేదు.

కథలో దొంగని తరిమిన వీధులన్నీ గోడకి అటు, పశ్చిమాన. అమ్మమ్మ ఇల్లు షూమన్ స్ట్రాసె 15వ నంబరు, తూర్పున. స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు.