ఏప్రిల్లో షిహాలియన్

జనవరిలో నాకు బెంగ ఉండదు. స్కాట్లండ్ కొండలన్నీ తెల్లగా భయపెడుతుంటాయి కాబట్టి మామూలు నడకవాళ్లెవరూ ఫోన్ చెయ్యరు. చేసినా నేను తీసుకెళ్లలేను. నా దగ్గరున్నది మౌంటెన్ లీడర్ సమ్మర్ సర్టిఫికెట్. మంచు కొండలకి వేరే ఉంటుంది. బెంగంతా ఏప్రిల్‌తోనే. పెర్త్‌షైర్ లోయల్లో డాఫొడిల్స్ పూస్తాయి, గొర్రెలు ఈనుతాయి, గ్లాస్గోలో నాలుగు రోజులు ఎండ కాస్తే జనం స్వెటర్లు విప్పేస్తారు. బుకింగులు మొదలయ్యేది అప్పుడే. పైన మూడు వేల అడుగుల దగ్గర మాత్రం శీతాకాలం ఇంకా సామాను సర్దుకుంటూనే ఉంటుంది.

సర్టిఫికెట్‌లో సమ్మర్ అని ఉంది గదా అని క్యాలెండర్ చూసుకుంటే కుదరదు. చూడాల్సింది నేల మీద ఏముందో. మే నెలైనా సరే, గట్టిపడ్డ మంచు దాటడానికి ఐస్ యాక్స్ కావాల్సి వచ్చిందంటే అక్కడితో నా పరిధి అయిపోయినట్టే. ఇన్సూరెన్సు కూడా అంతవరకే.

మూడు వేల అడుగులు దాటిన ముఖ్యమైన శిఖరాల్ని ఇక్కడ మన్రోలంటారు. సర్ హ్యూ మన్రో 1891లో వాటి జాబితా అచ్చువేశాడు. ఇప్పటి లెక్క 282. అవన్నీ ఎక్కి తీరాలన్న పిచ్చి చాలామందికి ఉంది. పాపం మన్రోగారికే పూర్తికాలేదు. ఎడింబరా, గ్లాస్గోల్లో ఉండే మనవాళ్లెవరైనా మొదటి మన్రో ఏదని అడిగితే నేను షిహాలియన్ పేరు చెబుతాను. ఎత్తు 1,083 మీటర్లు, దారి స్పష్టం, చుట్టూ పెద్ద కొండల పోటీ లేదు. రానో సరస్సు వైపు నుంచి చూస్తే బొమ్మల్లో గీసే కొండలా కోసుగా ఉంటుంది. నిజానికది తూర్పుపడమరలుగా సాగిన పొడవాటి వీపు.

ముందురోజు సాయంత్రం మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్ల సూచన చూస్తాను. గాలి ఎన్ని మైళ్ల వేగమో చెప్పి ఊరుకోరు వాళ్లు, ఆ గాలిలో మనిషి నడక ఎలా ఉంటుందో కూడా రాస్తారు. శిఖరాలు మబ్బు లేకుండా కనిపించే అవకాశం ఎంత శాతమో ఇస్తారు. ఒక ఏప్రిల్ శనివారం బృందాన్ని తీసుకెళ్లినప్పుడు, ఆ రోజుకి 900 మీటర్ల దగ్గర సున్నా డిగ్రీలు, పాతిక మైళ్ల గాలి, మధ్యాహ్నం దాటాక జల్లులు అన్నారు. పైన ఆ జల్లు మంచుగానే పడుతుంది.

బ్రేస్ ఆఫ్ ఫాస్ కార్ పార్కులో మాత్రం పదకొండు డిగ్రీలు, చక్కటి ఎండ. ఆ ఎండలో నిలబెట్టి అందరి సంచులూ విప్పిస్తాను. అక్కడే నన్ను చాదస్తురాలి కింద జమకట్టేస్తారు. "ఎండ కాస్తుంటే గ్లవ్స్ ఎందుకక్కా?" అని ఒకమ్మాయి. ఒక కుర్రాడు జీన్స్‌లో దిగాడు. డెనిమ్ తడిస్తే ఆరదు, గాలి తగిలితే ఒంట్లో వేడంతా లాగేస్తుంది. ఇలాంటివాళ్ల కోసం డిక్కీలో పాత ట్రెక్కింగ్ ప్యాంట్లు పడేసి ఉంచుతాను. మొహం మాడ్చుకుని కారు చాటుకెళ్లి మార్చుకొచ్చాడు.

"తిరుమల మెట్లు ఎక్కినవాళ్లం, ఇదెంతండీ?" అనేవాళ్లు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. అలిపిరి దారిలో మెట్టు ఎక్కడుంటుందో కాలికి ముందే తెలుసు, నెత్తిన కప్పుంటుంది, అడుగడుగునా నీళ్లుంటాయి. ఇక్కడ కాలు ఎక్కడ పెట్టాలన్నది ప్రతి అడుగుకీ కొత్త ప్రశ్నే. అయినా వాదించను, "అయితే మీరు వెనక నడవండి, మధ్యలో ఎవరూ తప్పిపోకుండా చూడండి" అంటాను. బాధ్యత అప్పజెబితే మనవాళ్లు ఎంత బాగా నడుస్తారో!

ఒక్క నియమం మాత్రం డబ్బు తీసుకునేముందే చెబుతాను, కార్ పార్కులో మళ్లీ చెబుతాను. గైడుని నేనొక్కదాన్నే కాబట్టి ఎవరు వెనక్కి తిరగాల్సి వచ్చినా అందరం తిరుగుతాం.

సమయానికి విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్కే ఇప్పటికీ ఆధారం. గంటకి మూడు మైళ్లు, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకీ మరో గంట. ఆ ప్రకారం షిహాలియన్ పైకి రెండుంబావు గంటలు చాలు. మన బృందాలకి నేను మూడున్నర వేసుకుంటాను, ఫొటోలతో కలిపి. మొదటి అరగంట కావాలనే నెమ్మదిగా నడిపిస్తాను. కబుర్లు చెప్పుకుంటూ నడవగలిగితే వేగం సరిపోయినట్టు. కొండ ఎటూ పోదు కాబట్టి నా చూపంతా మనుషుల మీదే. వాగుడుకాయ నోరు మూసుకున్నాడంటే వెళ్లి పక్కన నడుస్తాను.

కింది దారిని చూసి వచ్చేవాళ్లు ముచ్చటపడతారు. కొండ తూర్పు భాగాన్ని జాన్ మ్యూర్ ట్రస్ట్ 1999లో కొన్నది. అప్పటికి పాత దారి వేల కాళ్ల కింద నలిగి, మెత్తటి పీట్ నేలలో పెద్ద గాయంలా తయారైంది. దాన్ని మాన్పడానికి వదిలేసి కొత్త దారి వేశారు. ఆ ఉదయం పొదల పైన ఎక్కడో భరతపక్షి ఆపకుండా కూస్తోంది. ఈ కాలంలో అవి నేలమీదే గూళ్లు కడతాయి. అందుకే దారి వదలొద్దని మరీమరీ చెబుతాను.

మొదటి విశ్రాంతి దగ్గర, తెనాలి నుంచి కొడుకుని చూడవచ్చిన లెక్కల మాస్టారు అడిగారు: "ఏమమ్మా, ఈ కొండ దగ్గర భూమిని తూచారటగా?"

తూచారు. 1774లో నెవిల్ మాస్కెలీన్ అనే ఆస్థాన ఖగోళవేత్త నెలల తరబడి ఇక్కడ మకాం వేశాడు. కొండకి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి పరిశీలనశాలలు. మేస్త్రీ గోడకి వేలాడదీసే తూకం గుండుని ఇంత కొండ తనవైపు కాస్తయినా లాగాలి గదా! నక్షత్రాల్ని ఆనవాలు పెట్టుకుని ఆ లాగుడు కొలిచాడు. రెండు వైపులా కలిపి 11.6 సెకన్ల కోణం. అంటే డిగ్రీలో దాదాపు మూడు వందలవ వంతు. దాన్నిబట్టి చార్ల్స్ హటన్ భూమి సాంద్రత నీటికి నాలుగున్నర రెట్లని తేల్చాడు. ఇప్పటి లెక్క ఐదున్నర. అప్పట్లో పని సాగకుండా అడ్డుపడింది మబ్బులే. నాకూ వాటితోనే పేచీ. పని ముగిశాక జరిగిన విందులో గుడిసె తగలబడి ఒకాయన ఫిడేలు కాలిపోతే, మాస్కెలీన్ కొత్తది పంపాడని కూడా చెప్పుకుంటారు.

కొండ పరిమాణం లెక్కగట్టడానికి ఒకే ఎత్తున్న చోట్లని హటన్ గీతలతో కలిపాడు. మాస్టారు నా మ్యాపు తీసుకుని అందులోని అలాంటి గీతల మీద వేలు పోనిచ్చి, దగ్గరదగ్గరగా ఉన్నచోట ఆగి, "ఇక్కడ ఆయాసం ఎక్కువన్నమాట" అన్నారు. నేనింత చక్కగా ఎవరికీ చెప్పలేకపోయాను.

వీపు మీదికొచ్చాక రాళ్లు మొదలవుతాయి. కోసుగా విరిగిన క్వార్ట్‌జైట్ బండలు, శిఖరం దాకా అవే. ఇదే శిఖరమనుకున్నది కాదు, దాని వెనకదీ కాదు. ఓ పల్లంలో దారిని కప్పేసి ఇరవై అడుగుల మేర పాత మంచు ఉంది. అందర్నీ ఆపి ముందు నేనే వెళ్లాను. బూటు మడమతో గట్టిగా పొడిస్తే చీలమండ దాకా దిగింది. ఎండకి మెత్తబడింది, మంచిదే. అంతకన్నా ముఖ్యం, జారితే ఎక్కడ ఆగుతాం అన్నది. కింద నాలుగడుగుల్లో చదునైన రాళ్లున్నాయి. మడమలతో గుంటలు కొట్టుకుంటూ వెళ్లాను, వాటిలోనే కాళ్లు పెట్టుకుంటూ అందరూ వచ్చారు. అదే మంచు పొద్దున్నే అద్దంలా ఉండి, వాలు కింద లోయ ఉంటే అక్కడినుంచే దిగిపోయేవాళ్లం.

పైన గాలికి నిలబడలేకపోయారు. సంచిలోంచి నారింజ రంగు గ్రూప్ షెల్టర్ తీశాను. కర్రలుండవు, గుడ్డ అందరి నెత్తిమీదుగా కప్పుకుని అంచులమీద కూర్చోవడమే. రెండు నిమిషాల్లో లోపల వెచ్చబడింది. వెంటనే పులిహోర డబ్బా మూత తెరుచుకుంది. పులిహోరతో నాకున్న తగాదా చేతులతోనే. వేళ్లు తడి చేసుకుని, నూనె పూసుకుని, మళ్లీ గ్లవ్స్ ఎక్కవు. చపాతీలో చుట్టుకురండి, గ్లవ్స్ తియ్యకుండా తినేది తెచ్చుకోండి అని మెసేజ్ పెడతాను, ఎవరూ వినరు. చెంచాలు నేనే మోసుకెళ్తున్నాను ఈమధ్య. "గ్లవ్స్ ఎందుకక్కా" అన్నమ్మాయికి నా దగ్గర అదనంగా ఉన్న జత ఇచ్చాను.

బయటికొచ్చేసరికి మబ్బు కమ్మేసింది, మంచుజల్లు మొదలైంది. రాళ్లలో దారి కనిపించక ఈ వీపుకి అటో ఇటో దిగిపోయేవాళ్లున్నారు. కంపాస్ తూర్పుకి పట్టుకుని, అడుగులు లెక్కపెడుతూ దించాను. మాస్టారు వెనకనుంచి నాతోపాటు లెక్కపెట్టి, ఒకచోట "నాలుగడుగులు తేడా వస్తోందమ్మా" అన్నారు.

కింద మళ్లీ ఎండ. మోకాళ్ల వెనక పేలు లాంటి టిక్ పురుగులేమైనా పట్టాయేమో ఇంటికెళ్లాక చూసుకోమని చెబుతుంటే జీన్స్ కుర్రాడు అడ్డొచ్చాడు: "వచ్చేవారం బెన్ నెవిస్‌కి తీసుకెళ్తారా అక్కా?"

1,345 మీటర్ల కొండ. పైనంతా ఇంకా మంచే, ఉత్తరపు అంచున గాల్లోకి పొడుచుకొచ్చిన మంచు చూరు. ఇప్పుడైతే శీతాకాలపు సర్టిఫికెట్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లమని ఇద్దరి నంబర్లిచ్చాను. నాతోనే రావాలంటే జులైలో రమ్మన్నాను. జులైలో దోమలంటగదా అన్నాడు. దోమలకి మందుంది తమ్ముడూ అన్నాను.