అక్షరాలు నిలువని వేళ

కొమరోలులోని మా చిన్న మదరసాలో దాదాపు ముప్పై ఏండ్లుగా పిల్లలకు ఖురాన్ పఠనం నేర్పుతున్నాము. తడబడిన పిల్లవానిని కఠినంగా మందలించేవారము. "అక్షరం కళ్ల ముందే ఉన్నది కదా, చూచి చదవడానికేమి కష్టం?" అని అడిగేవారము. ఆ ప్రశ్నకు జవాబును అల్లాహ్ మా చేతనే నేర్పించాడు.

నాలుగేండ్ల క్రితం మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసేచోట, రక్తనాళాల ముద్ద ఒకటి చిట్లి మాకు రక్తస్రావం జరిగినది. బెంగుళూరు వెళ్లి శస్త్రచికిత్స చేయించుకొన్నాము. అల్‌హమ్దులిల్లాహ్, ప్రాణం నిలిచినది. గండం గడిచినదనుకొన్నాము.

ఐదు నెలల తరువాత ఒకనాడు ఫజ్ర్ అనంతరం ఖురాన్ తెరిచితే పంక్తులు నిలువలేదు. అక్షరాలు పైకీ కిందికీ ఊగసాగినవి. కళ్లజోడు తుడిచి చూచినా అంతే. దీర్ఘం తీస్తే స్వరం వణికినది. మేము పూర్తి హాఫిజులము కాము. చూచి చదివే చదువు మాది. చూపు పోతే మదరసాలో మా స్థానమేమిటన్న భయంతో రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. "మీ కళ్లు ఆడుతున్నాయి, ఎందుకు దాస్తున్నారు?" అని ఇంటివారు నిలదీసిన తరువాతనే మళ్లీ వైద్యుని వద్దకు వెళ్లాము.

ఈ వ్యాధి పేరు హైపర్‌ట్రోఫిక్ ఒలివరీ డీజనరేషన్. ఒలివ్ అనగా జైతూన్. మెదడు కాండంలో ఇరువైపులా జైతూన్ కాయను పోలిన భాగాలున్నవి. చిన్నమెదడు నుండి వాటికి వచ్చే నాడీమార్గం దెబ్బతింటే ఆ భాగం ఉబ్బి, తనంతట తాను లయగా సంకేతాలు పంపుతుంది. అంగిలి, కళ్లు ఆ లయకు కదలుతూనే ఉంటాయి. దెబ్బ తగిలిన వారాలకో నెలలకో ఇది బయటపడుతుంది. ఫ్రాన్సు వైద్యులు గిలాన్, మొలారె 1931లో ఈ మార్గాన్ని వివరించారు. కదలికను కొంత తగ్గించే మందులున్నవి గాని, వ్యాధి మూలాన్ని తొలగించే మందు లేదు. "తగ్గదు, దీనితో బ్రతకడం నేర్చుకోవాలి" అని వైద్యుడు నిదానంగా చెప్పారు.

2025 ఫిబ్రవరిలో మా మండలానికి చెందిన ఒక సోదరి గిలాన్-బరే వ్యాధితో గుంటూరులో మరణించారు. రెండింటితోనూ అదే వైద్యుని పేరు ముడిపడి ఉండటంతో, మాదీ అదే జబ్బని, అది అంటుకొంటుందని కొందరు భయపడి పిల్లలను పంపడం మానివేశారు. ఆ రెండూ వేరు వేరు వ్యాధులని, రెండూ మనిషి నుండి మనిషికి సోకవని ఇంటింటికీ వెళ్లి చెప్పవలసి వచ్చినది. తావీజు కట్టించుకొమ్మన్నవారూ ఉన్నారు. మేము దుఆ మానలేదు, మందూ మానలేదు.

ఒక సాయంత్రం పాఠం మధ్యలో మేము ఒక ఆయత్ వద్ద ఆగిపోయాము. మేము ఎక్కువగా కోప్పడిన పిల్లవాడే, నత్తి గలవాడు, మా ప్రక్కకు జరిగి, "హజ్రత్, నేను చదువుతాను, మీరు వినండి" అన్నాడు. తడబడుతూనే చదివాడు. ఒక్క తప్పు కూడా లేదు. అంతకాలం మేము అతని తడబాటును విన్నామే గాని, పఠనాన్ని వినలేదు.

ఖురాన్‌ను తడబడుతూ కష్టపడి పఠించేవానికి రెండు పుణ్యఫలాలున్నవని దైవప్రవక్త (సఅసం) తెలియజేసినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఈ హదీసును ఎన్నో ఏండ్లు ఇతరులకు బోధించాము. దాని అవసరం మాకు కలిగినది ఇప్పుడే.

ఇమామత్‌ను మరొకరికి అప్పగించాము. ఆ రోజు బాధ కలిగినమాట నిజం. ఇప్పుడు మార్కాపురం పలకపై పిల్లలు బలపంతో పెద్ద పెద్ద అక్షరాలు వ్రాస్తే కొంత పోల్చుకోగలుగుతున్నాము. మిగిలినది చెవితో సరిదిద్దుతున్నాము. మందలింపు మానివేశాము.

సోదర సోదరీమణులారా! శస్త్రచికిత్స తరువాత ఎన్ని నెలలకైనా కొత్త బాధ కనిపిస్తే మావలె దాచకండి. మీ ఇంట నయం కాని రోగి ఉంటే "తగ్గిందా?" అని రోజూ అడగకండి, "ఈ రోజు ఏమి చదివి వినిపించమంటారు?" అని అడగండి. మా కోసం దుఆ చేయండి. ఆ పిల్లవాని కోసం కూడా చేయండి. ఇప్పుడు చిన్నపిల్లలకు అలిఫ్, బే నేర్పుతున్నది అతడే.